తాడు ఏమంటోంది?

మా ఆఫీసుకి గోడల్లేవు.
ఎలిసేయో కలామాలో, ఎడారి అంచున.
లుద్మీలా పుంతా అరేనాస్‌లో,
తలుపు తీయాలంటే గాలికి భుజం ఆనించాల్సిన ఊళ్ళో.
నేను చిలోయే దీవిలో, రేకుల మీద వాన కింద.
ముగ్గురం కలిసి చిలీ నేల వణుకుల్ని చదువుతాం.
తెర మీద గీత ఎక్కడ ఉలిక్కిపడిందో
అక్కడో ఎర్ర చుక్క పెట్టడం మా పని.

జూన్‌లో ఒక వారమంతా
ఎలిసేయో నుంచి ఒకటే జవాబు: "సరే."
పక్కన మూత వేసినట్టు ఓ చుక్క.
రెండు వందల గీతలు వెనకబడ్డాయి.
"మనం లాగుతున్నాం, అతను కూర్చున్నాడు"
లుద్మీలా నాకు విడిగా రాసింది.
నేనూ తలూపాను, కెమెరా ఆపేసి ఉన్నా.

ఆ రాత్రి తాత గుర్తొచ్చాడు.
మా దీవిలో ఇల్లు మారడమంటే సామాను మోయడం కాదు,
ఇంటినే మార్చడం.
దుంగల మీదికెక్కించి, తాళ్ళు కట్టి,
ఊరంతా తలో చెయ్యి వేసి, ఎడ్లతో లాగడం.
నన్ను ఏడేళ్ళప్పుడు తాడు చిట్టచివర నిలబెట్టారు.
ముందు ఎడ్ల వీపులు, బురద, పొగమంచు.
తిరిగి చూస్తే ఇల్లు మలుపు అవతలుంది.
"తాతా, కదులుతోందా?"
"నన్నడగకు, తాడునడుగు.
బిగిస్తే ఎవరో లాగుతున్నట్టు.
వదులైతే ఎవరో పడ్డట్టు.
అప్పుడు కేకెయ్యి.
తిట్టడానికి కాదు, అందరూ ఆగడానికి."

తెల్లారి నేను "ఎంతవరకొచ్చింది?" అని రాయలేదు.
"ఎలిసేయో, తాడు వదులైంది. పడ్డావా?"

చాలాసేపు తెర మీద మూడు చుక్కలు
లేస్తూ, ఆగుతూ.
తర్వాత:
"అవును. ఈ దుమ్ముకి పాపకి ఊపిరాడ్డం లేదు.
ఆసుపత్రి వరండాలో ఫోను మీదే చదువుతున్నా.
వేలు లావు, గీత సన్నం."

లుద్మీలా ఏమీ అనలేదు.
నూట పది గీతలు తన పేరు మీదికి మార్చుకుంది.
మిగతా తొంభై నావి.
మైకు తెరిచే ఉంచింది, ఆమె గాలి ఈలేస్తోంది.
నేనూ తెరిచాను, నా వాన.

అర్ధరాత్రి దాటాక మూడో కిటికీ వెలిగింది.
"పాప నిద్రపోయింది. నన్నెవరూ పలకరించకండి.
ఆ వాన మాత్రం ఆపొద్దు."

ఆపలేదు.
నాలుగింటికి ఎక్కడో నేల కొంచెం ఒత్తిగిల్లింది.
ముగ్గురం ఒకే గీత మీద
ఒకేసారి చుక్క పెట్టాం.
రెండు చెరిపేయాల్సి వచ్చింది.