గత ఏడు రోజుల్లో

ఎల్ ఆల్తోలో ఆకాశం పైన ఉండదు,
భుజానికి రాసుకుంటూ పక్కనే నడుస్తుంది.
నేను పల్లపు మనిషిని,
సాంతా క్రూస్ ఉక్కపోతలో పెరిగినవాణ్ణి.
బడికి మెట్లు ముప్పై ఒకటి.
పద్దెనిమిదో మెట్టు మీద
ప్రశ్నపత్రాల కట్ట పక్కన పెట్టి కూలబడ్డాను.

"ఆయనకి కాస్త కోకా టీ పట్టండర్రా!"
జెనొవేవా టీచరమ్మ లోపల్నించి కేకేసింది.
ఐదో తరగతి మొత్తం కిటికీలకు వేలాడి
నా ఎగశ్వాసల్ని లెక్కబెట్టింది.

మొదటి ప్రశ్న నేనే చదివాను:
గత ఏడు రోజుల్లో
ఆయాసం వచ్చేంతగా
ఎన్ని రోజులు పరుగెత్తారు, గెంతారు, ఆడారు?
వెనక బెంచీ నుంచి ఎవరో,
"ముందు మీది చెప్పండి సార్."

నైరా తార్కి చెయ్యెత్తింది.
"గురువారం సంతలో
అమ్మతోపాటు బంగాళాదుంప బస్తాలు దించాను.
అది ఆటా, పనా?"
సూచనల పుస్తకం తిరగేశాను.
పద్నాలుగో పేజీలో ఈత ఉంది, సైకిలుంది,
ఈ వాడలో ఎవరూ చూడని టెన్నిసుంది.
బస్తా లేదు.
"ఆయాసం వచ్చిందా?"
"లేదు సార్, అలవాటే."
అయితే లెక్కలోకి రాదమ్మా అన్నాను.
అంటుంటేనే నాలుక మీద
ఆకు చేదు తెలిసింది.

విల్మర్ సాయంత్రాలు
మినీబస్సు తలుపు పట్టుకు వేలాడుతూ
స్టాపుల పేర్లు అరుస్తాడు.
బస్సు కదిలాకే ఎక్కాలి, అదీ ఉద్యోగం.
నీకు నచ్చిన ఆట ఏది అన్న గీత మీద
సేహా సేహా సేహా అని రాశాడు.
అది ఆట పేరు కాదు, కూడలి పేరు.

"ఆటలు నాలాంటివాళ్ల కోసమే."
ఒప్పుకుంటాను, ఒప్పుకోను:
రెండు గడుల నడుమ గోడ మీద
లిస్బెత్ టిక్కు పెట్టింది.
ఎందుకమ్మా అంటే,
ఆదివారాలు వాళ్లమ్మ కుచ్చిళ్ల పావడాతోనే
గోలు కాస్తుందట.
చూడ్డానికి వెళ్లాలంటే సిగ్గట.
ఓడి ఇంటికొస్తే మాత్రం
ఆ రాత్రి తనకి నిద్ర పట్టదట.

అడుగున ఉంది అబ్దోన్ కాగితం.
వారంలో ఎన్ని రోజులు ఆడతావు? సున్నా.
ఏదైనా జట్టులో ఉన్నావా? లేను.
ఆటలంటే ఎంత ఇష్టం?
వరసగా ఉన్న ఐదు మొహాల్లో
పళ్లన్నీ కనబడేలా నవ్వే మొహాన్ని
పెన్సిలుతో దిద్ది దిద్ది
కాగితానికి చిల్లు పెట్టాడు.

తప్పు పడిందేమోనని పిలిచాను.
"తప్పు కాదు సార్. నేను బంతి తెస్తాను."

వీళ్ల మైదానం సిమెంటుది, ఏటవాలుగా ఉంది.
వల లేదు, గోడ లేదు.
గురి తప్పిన ప్రతి బంతీ
రేకుల కొట్టు దాటి, గొలుసు లేని కుక్కను దాటి
వాగు దాకా పోయిగానీ ఆగదు.
అది తెచ్చేలోపు
ఆడేవాళ్లు నడుం మీద చేతులేసి సేద తీరుతారు.
"మరి నిన్ను ఆడమనరా?"
"అడగలేదు" అన్నాడు.
వాళ్లు అడగలేదనో, తను అడగలేదనో
నాకు అర్థం కాలేదు.

బయట కేక: బంతీ!
వాడి కాళ్లు అప్పటికే గుమ్మం వైపు తిరిగాయి,
కాగితం మాత్రం నా చేతిలో ఉంది.
ఉండరా అని చెప్పి
నేను లేచాను.

దిగడం తేలికే.
కుక్క కూడా నన్ను చూసి జాలిపడింది.
వాగు ఒడ్డున బంతి పట్టుకుని తలెత్తితే
బడి ఎటుందో కనబడలేదు,
చెవుల్లో నా గుండె ఒక్కటే వినబడింది.

ఎంతసేపు పట్టిందో తెలీదు.
పైకొచ్చేసరికి గుడ్డల బంతితో ఆట సాగుతోంది.
గోలు దగ్గర అబ్దోన్,
చేతులు జేబుల్లో పెట్టుకుని,
అక్కడ నిలబడ్డం ఎలాగో
ఎవరూ నేర్పనట్టు నిలబడ్డాడు.

ఆ రాత్రి కేబుల్ కారులో దిగుతూ
మిగిలిపోయిన ఖాళీ పత్రం మీద
వయసు నలభై ఆరు అని రాసి,
గత ఏడు రోజుల్లో: ఒకటి, అని నింపి
మడిచి జేబులో పెట్టుకున్నాను.
పిల్లల జవాబులు దిద్దే అధికారం నాకు లేదు.
అబ్దోన్ సున్నా
సున్నాగానే ఆఫీసుకు చేరింది,
నవ్వే మొహం ఉండాల్సిన చోట
చిల్లుతో.