అగ్గిపెట్టెలో పడవ

పాత సినిమాలు కడిగి, తుడిచి, డిస్కులుగా అమ్మే ఆ కంపెనీ
ఏటా డిసెంబరు చివర ఒక బొమ్మ గీసి వదుల్తుంది.
ఈసారి, తాళంచెవి మింగిన బాతు.
దాని రెక్క కింద గొడుగు.
అంతే. రాబోయే సినిమా పేరు మాత్రం చెప్పదు.

ఆ రాత్రి డులూత్‌లో
సరస్సు ఒడ్డునుంచి లోపలికి గడ్డకట్టుకుంటూ పోతోంది.
వెర్నా కోల్‌స్టాడ్ వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే కొట్టు,
దాని వెనక గది.
విప్పేసిన మోటార్లను పక్కకి నెట్టి
ఐదుగురం బల్ల చుట్టూ చేరాం.
పొగబెట్టిన చేప, ఉప్పు బిస్కెట్లు,
ఒక భూతద్దం.

ఎద్దు ఈనిందంటే
దూడకి పలుపుతాడు వెతికే రకం మేం.

"గొడుగంటే వాన, వానంటే హత్య" అన్నాడు లైల్ ట్రాంబ్లీ.
ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు,
కవరు తడిమి కబురు చెప్పగలనని ధీమా.
పెళ్ళిళ్ళ పేరయ్య జాతకాల కట్ట విప్పినట్టు
నోటుబుక్కు విప్పాడు:
ఏ సినిమా హక్కులు ఏ నెలలో చేతులు మారాయో,
ఏ పాత డిస్కు దుకాణాల్లో నిండుకుందో,
ఏ నటికి వచ్చే ఏడు నూరేళ్ళో.

పా హువాకి ఇరవై మూడు.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి ముందు గంటసేపు వస్తుంది.
తను పుట్టకముందే పోయిన నటుల మొహాలు
మేనమామల మొహాల్లా గుర్తుపడుతుంది.
"అది బాతు కాదు, హంస."
బాతా, హంసా
ఇరవై నిమిషాలు.
కరెంటు బిల్లు గురించి కూడా ఇంతసేపు ఆలోచించం.

వెర్నా అరలో డిస్కులు నంబర్ల వరసన నిలబడి ఉంటాయి.
ఆరువందల పదమూడు పక్కన పదిహేను.
మధ్యలో వేలు దూరేంత సందు.
ఆ ఒక్క నంబరూ కంపెనీ ఎందుకు దాటేసిందో
ఎవరికీ తెలీదు.
పన్ను ఊడిన చోటికే నాలుక పోయినట్టు
మా కళ్ళు అక్కడికే పోతాయి.

చీటీలు రాశాం. పాప్‌కార్న్ డబ్బాలో వేశాం.
టోయివో హార్యు చీటీ విప్పకుండానే తెలుసు,
పదకొండేళ్ళుగా ఒకే సినిమా,
పడవవాడి కూతురి కథ,
ఎవరి దగ్గరా లేనిది,
ఎక్కడో ఒక్క ప్రింటు మిగిలిందంటారు.
ముసలాడి ఆశ చూడండని
ఏటా నవ్వినట్టే నవ్వాం.

టోయివో కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసి
చేప పళ్ళెం పక్కన పెట్టాడు.
"అరవై రెండులో ప్రొజెక్టర్ దగ్గర కుర్రాణ్ణి.
పదిహేడేళ్ళు.
పడవలోంచి ఆ పిల్ల వెనక్కి తిరుగుతుంది.
కత్తెర చేతిలోనే ఉంది."

ఆరు ఫ్రేములు.
పావు సెకను.
పా హువా ఫోను లైటు కింద పట్టింది.
ఐదింట్లో ఒకటే మొహం.
ఆరో దాంట్లో మాత్రం
చెంప మీదికి జుట్టు పడబోతోంది.

"వస్తుందని రాయలేదు నేను" అన్నాడు,
"రాస్తే రాదని రాశాను.
ఈ డబ్బాలో పడ్డ పేరు
ఇన్నేళ్ళలో ఒక్కటి బయటికొచ్చిందా?
వస్తే లోకమంతా చూస్తుంది,
ఆ పిల్ల తిరిగే చోట
తెర ఉలిక్కిపడటం."

ఫ్రిజ్ మోత వినబడింది కాసేపు.
కిటికీ అవతల ఎక్కడో మంచు పగిలింది.
లైల్ భూతద్దం దించి,
ఎత్తి, మళ్ళీ దించాడు.
ఆ పిల్ల ఒళ్ళో
మడిచిన గొడుగు.

ఎవ్వరం బొమ్మ వంక చూడలేదు,
అందరం చూశాం.

టోయివో డబ్బాలో చెయ్యి పెట్టి
కెలికి కెలికి
తన చీటీ వెనక్కి తీసుకున్నాడు.
చించలేదు. విప్పలేదు.
ఫ్రేముల మీద పరిచి
అగ్గిపెట్టె మూశాడు.

పా హువా డ్యూటీకి లేచింది,
కోటు ఒక చెయ్యి తొడుక్కుని ఆగిపోయింది.

"సరే," అంది చాలాసేపటికి,
"అది బాతే."