మంట దిగిన చేతులు

ఏడో నెల రాగానే మిరపకాయల తొడాలు తీయడం మానేశాను.
ఏటుకూరు రోడ్డు షెడ్డులో
మా వరసలో నా పీట ఒక్కటీ ఖాళీ.
"మిరప చెయ్యి పసిగుడ్డుకి పనికిరాదే సలోమీ,
మంట దిగడానికి నెల్లు పట్టుద్ది" అంది మార్తమ్మ.

రోజూ కొబ్బరినూనె, పులిసిన పెరుగు, శనగపిండి.
రాత్రి పడుకోబోతూ
వేలు నాలుక మీద పెట్టుకుని చూసేదాన్ని.
ఇంకా ఉంది.
ఇంకా కొంచెం ఉంది.
తొమ్మిదో నెల్లో ఒక రాత్రి
వేలు ఉత్త వేలు రుచి వేసింది.
దానియేలుని లేపి అతని కనురెప్ప మీద రాశాను.
"మండుతోందా?"
"నిద్దర మండుతోంది" అని నవ్వాడు.

పెద్దాసుపత్రిలో గుండె చప్పుడు వెతికే మిషను
నా పొట్టంతా తిరిగింది,
అడ్రసు దొరకని కొరియరు కుర్రాడిలా
అదే సందులో మళ్లీ మళ్లీ.
నర్సమ్మ దాన్ని అరచేత్తో తట్టింది. ఇంకోటి తెప్పించింది.
తప్పు మిషనుదే అయ్యుండాలని
ఇద్దరం కోరుకున్నాం, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

కాన్పు మటుకు కాన్పే.
నొప్పులు ఒక్కటి కూడా తగ్గించుకోలేదు.
పక్క మంచం బిడ్డ కేరుమంటే
మోచేతుల మీద లేచి కూర్చున్నాను.

నేను ముట్టుకున్నాను దాన్ని.
చెంప మీద, పెదవి మీద, మూసిన కంటి మీద.
శుభ్రమైన చేతులు.
మండినా బాగుండేది.
మండి, నా మీద కోపంతో ఏడ్చినా బాగుండేది.

చేతికి కట్టిన చీటీలో 'బేబీ ఆఫ్ సలోమి'.
బరువు రెండు కేజీల మూడొందలు.
యార్డులో నలభై కేజీల టిక్కీ వీపునేసుకుని
పరిగెత్తే మనిషి
ఆ గుడ్డమూట పట్టుకుని
మెట్టు మెట్టుకీ ఆగాడు.

మూడో రోజు పాలొచ్చాయి.
అత్త నాలుగు మూరల మల్లెపూలు తెచ్చి
రొమ్ములకు కట్టింది, పాలు ఇంకిపోతాయని.
పెళ్లైన కొత్తలో ఇతను తెచ్చిన కొట్టులోవే.
తెల్లారేసరికి పూలు పులిసిపోయాయి.
ఇప్పటికీ బస్సులో ముందు సీటు జడలో మల్లెలుంటే
పైట సర్దుకుంటాను.

"తాలుకాయ అనుకో తల్లీ, మళ్లీ కాపు రాదా?"
ఓదార్పుకే అన్నారు, నాకు తెలుసు.
కానీ యార్డులో తాలుకీ ఒక కుప్ప ఉంటది.
కాటా వేస్తారు. రేటు కడతారు.
గుమస్తా చీటీ రాసి సంతకం పెడతాడు.

రేషన్ కార్డు కోసం వచ్చిన కుర్రాడు
గుమ్మంలో నిలబడి, ఫోనులోంచి తల ఎత్తకుండా,
"పిల్లలెంతమందండీ?" అన్నాడు.
అత్త "లేరు" అంది.
అదే క్షణంలో ఇతను "ఒక పాప" అన్నాడు.
కుర్రాడి వేలు ఫోను మీద ఆగింది.
నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను.
ఏం నొక్కాడో చూడలేదు.

ఫిబ్రవరిలో కొత్త కాయ దిగింది.
నా పీట మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదట మార్తమ్మ.
దగ్గులు, తుమ్ములు, ఎవరిదో ఫోన్లో పాట,
ఒళ్లో ఎర్రటి తేజ కాయలు.
సాయంత్రానికి వేళ్లు భగ్గుమన్నాయి.
మార్తమ్మ పెరుగు గిన్నె నా వైపు జరిపింది.
వద్దన్నాను. ఎందుకని అడగలేదు.

రాత్రి పడుకోబోతూ, అలవాటుగా,
వేలు నాలుక మీద పెట్టుకున్నాను.