ముద్దు పడిన చోట

ఫిందిక్ అంటాం మేం.
మీరు తినే చాక్లెట్ మధ్యలో పంటికి తగులుతుందే, ఆ పప్పే.
నల్లసముద్రం మీదికి ఒరిగిన మా కొండకి
వేరే పంట పట్టదు.
నా పెళ్లి, ఇంటి పైకప్పు, ఒర్చున్ చదువు
అన్నీ ఆ చెట్లు రాల్చినవే.

ఆగస్టులో వాకిలంతా కాయలు ఆరబోశాం.
ఒర్చున్ సంచి దించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని
కొడుకుని ఎత్తి బుగ్గ మీద ముద్దు పెట్టాడు.
కాసేపటికి
ముద్దు పడిన చోటే దద్దురు లేచింది,
అచ్చం పెదవుల ఆకారంలో.

దోమ అన్నాను.
మర్నాడు మెడ మీద లేస్తే ఎండ అన్నాను.
మూడోసారి దిష్టన్నాను, చొక్కాకి ఇంకో నీలిపూస కుట్టాను.
కోడలు గుల్జాన్ ఏమీ అనలేదు.
కూలి పద్దుల పుస్తకం చివరి పేజీ తెరిచి
రోజూ రాసుకుంది:
ఏం తిన్నాడు, ఎవరెత్తుకున్నారు, ఎన్ని నిమిషాలకి.
నా మీదే లెక్కలు రాస్తోందనుకున్నాను.

పదహారు నెలల దోరుక్‌కి మాటలెన్ని?
అమ్మ, నీళ్లు, పిల్లి, వద్దు.
గొంతు దురదని వీటిలో దేనితో చెప్తాడు?
నాలుకని గోళ్లతో గీరుకున్నాడు.
చూశాను.
పళ్లొస్తున్నాయిలే అనుకున్నాను.

ఆ రోజు పప్పు నూరుతూ
వేలికొసకి అంటింది, ఆవగింజంత,
వాడి చేత నాకించాను.
మా నాన్న నాకు చూపించిన మొదటి రుచి అది.
గుల్జాన్ మేడ మీద బట్టలారేస్తోంది.

పెదవి ఉబ్బింది. వాంతి. దగ్గు.
ఆ తర్వాత ఏడుపు ఆగిపోయింది.
ఇంటిని పీకి పందిరేసే పిల్లాడు
తడిగుడ్డలా నా భుజం మీద వేలాడాడు.
సంచులు పడేసి, వ్యాను మలుపులన్నీ హారన్ కొడుతూ దిగింది.
తొడలో సూది దిగాక
వాడు మళ్లీ ఏడ్చాడు. అంత తియ్యటి ఏడుపు నేను వినలేదు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.
"వీడికి కొంచెం అనే కొలత లేదమ్మా" అంది.
"ఊపిరి ఎగబీల్చినా, సోలిపోయినా,
దద్దుర్లకి వాంతి తోడైనా
ఆలోచించొద్దు. పెన్ను తొడకి. బట్ట మీంచే.
వెంటనే అంబులెన్స్. పడుకోబెట్టండి, నడిపించొద్దు."
సూదిలేని ఉత్తుత్తి పెన్నొకటి ఇచ్చింది.
దిండు మీద నేర్చుకున్నాను,
నా తొడ మీద, పక్కింటి సాఫియే తొడ మీద.
తొందర తొందరగా లెక్కపెడుతున్నానని
గుల్జాన్ కోప్పడింది. మళ్లీ మొదట్నుంచి పెట్టించింది.

ఇప్పుడు కాయలు కింది తోటలో ఆరతాయి.
ఒర్చున్ షెడ్డులోనే చొక్కా మార్చి, సబ్బుతో మోచేతుల దాకా కడిగి
గడపలో నిలబడి
బళ్లో పిల్లాడిలా పెళ్లానికి చేతులు చూపిస్తాడు.
ఆమె తలూపాకే ముద్దు.

మొన్న పెళ్లిలో ఎవరో పెద్దావిడ
బక్లావా ముక్క తుంచి వాడి నోటి దాకా తెచ్చింది.
"కొంచెమేగా, ఏమవుతుంది?"
నా మాటే. నా గొంతే ఆమె నోట్లో.
పళ్లెం లాక్కున్నాను. నడుముకి కట్టుకున్న పెన్ను తడుముకున్నాను.
ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

దోరుక్‌కి రెండో ఏడు నడుస్తోంది.
నేను రొట్టెముక్క అందించినా
నోరు తెరిచే ముందు
ఒకసారి వాళ్లమ్మ మొహం చూస్తాడు.
చూడనీ.
నేను అడ్డుచెప్పను.