విసరని చెయ్యి

ఫిబ్రవరి. నెబ్రాస్కా. ట్రాక్టర్ కొట్టం రేకుల కింద
బోర్లించిన బకెట్ మీద నేను, క్యాచర్ గ్లవ్‌తో.
నలభై అడుగుల అవతల నా కూతురు డెలానీ.

గిర్రున తిరిగే కుడి చేతినే చూస్తాం అందరం.
కోచ్ వ్రబ్కా చూపు ఎడమ చేతి మీద:
"మళ్ళీ తలుపు తెరిచేశావు."
గ్లవ్ పక్కకి ఎగిరిపోతుంది, దాని వెంట భుజం,
భుజం వెంట నడుం,
బంతి నా మోకాలి చిప్పకి.

చంకలో తువ్వాలు మడిచి పెట్టింది. జారిపోయింది.
గోడ వారగా నిలబెట్టి వేయించింది.
బంతి బంతికీ రేకుకి గ్లవ్ కొట్టుకున్న మోత.
మూడు వారాలు. పిల్ల మాట్లాడటం మానేసింది.

శనివారం ఎందుకో
ఆవిడే ఆ గ్లవ్ తొడుక్కుని, చెయ్యి చాపి, కాసేపు అలాగే ఉంచింది.
"ఎవరిదిది?"
వాళ్ళ అన్నయ్యది. బేస్‌బాల్ ఔట్‌ఫీల్డ్‌ది. తడిసిన బూటంత బరువు.
కొత్తది వచ్చే ఏడు చూద్దామన్నది నేనే.

తన కారులోంచి చిన్నది తెచ్చిచ్చింది, అంచులు అరిగింది.

ఎడమ చెయ్యి తిన్నగా నన్ను చూపించి
పని అయిపోయినట్టు తొడ పక్కకి దిగింది.

అరచెయ్యి మండింది.
ఇంకోటి వెయ్యమన్నాను,
తల ఎత్తకుండా.