తప్పు కట్టిన రోజు

జువ్వలదిన్నె రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తాను.
మాది ఉదయగిరి. నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు.
మా దాది పోయే ముందురోజు
మంచం చుట్టూ అందర్నీ పిలిపించి
"కహా సునా మాఫ్ కర్నా" అంది,
అన్నవీ విన్నవీ మన్నించండని.
పాలుపోసే సుబ్బమ్మకు చెప్పింది,
అప్పున్న శెట్టికి చెప్పింది,
గుంజకు కట్టిన మేకకూ చెప్పింది.
మాఫీ నోటితో అనాల్సిందే మాకు.
అనకపోతే బాకీ.

చైత్రంలో ఒకనాడు
తిరుపాలు ఇంజను పరీక్ష చేస్తుంటే
ఫ్యాను వలను లాగేసింది.
పద్దెనిమిది బారలు, పీలికలు.
"తప్పైపోయిందన్నా, మన్నించు."
మూడుసార్లన్నాను. ఇసకతో చెప్పినట్టుంది.
వల మడుచుకుంటా అన్నాడు:
"మాటల్దేముంది మస్తానూ, సాయంత్రం కూర్చుందాం."

పెద్దకాపు ముందర కూర్చున్నారు.
దురాయి చెప్పారు: ఐదొందలు తప్పు.
చేసిందీ తప్పే, కట్టేదీ తప్పే ఇక్కడ.
నా నోట్లతోనే టీలు తెప్పించి
మొదటి గ్లాసు నాకే ఇచ్చారు.
గ్లాసులు కడిగేలోపు గొడవ అయిపోయింది.
తిరుపాలు నా భుజమ్మీద చెయ్యేసి పడవెక్కాడు.
నాకే, ఇంకా ఏదో అనాల్సింది మిగిలినట్టు.

ఆషాఢంలో తాగొచ్చి
డీజిల్ దొంగవన్నాడు నన్ను, పదిమందిలో.
తెల్లారి డబ్బా వాళ్ళ బావమరిది ఇంట్లోనే దొరికింది.
ఒక్క మాట కోసం ఎనిమిది రోజులు చూశాను.
ఎదురైతే గాలి సంగతి చెప్పాడు,
చందువ ధర చెప్పాడు.
పెద్దకాపు దగ్గరికి పోదామనుకుని ఆగిపోయా.
నా మీద తప్పు పడుద్ది గానీ
నాకు తప్పు కట్టాలని ఏ దురాయిలోనూ లేదు.

తొమ్మిదో పొద్దున పానాల సంచి ఎత్తితే
ఎప్పుడో తెగిన పట్టీ, తెగి లేదు.
నీలం నైలాను. వలముడి.
కొస పంటితో కొరికిన గుర్తు.
కత్తి చేతిలో ఉన్నా పంటితో కొరికేది
రేవు మొత్తమ్మీద ఒక్కడే.

కోపం పోయిందా అంటే ఏమో.
రాత్రి ఆ ముడిలో గోరు పెట్టి చూశాను.
రాలేదు.
దాది ఉంటే ఒకటే అడిగేది:
అన్నాడా, అన్లేదా?

"సంచి బాగుంది తిరుపాలన్నా" అన్నాను.
అతను అలల వైపు తిరిగి,
"పాత నైలానే.
ఉప్పుకు ఆగుద్దిలే."