తలుపు మీద రాత

డండీలో డిసెంబరు మూడున్నరకే చీకటి.
టే నది మీది పొగమంచు
రైలు వంతెనను సగానికి కొరికి ఊరుకుంటుంది.
ఒకప్పుడు బెంగాల్ జనపనార వడికిన మిల్లు
ఇప్పుడు మా ఆఫీసు. మూడో అంతస్తులో
నాకు జీతమిచ్చేది గోడలకు తల బాదుకున్నందుకు.

నిజమే. ఆటలో ఒక కోట, కోటలో నూటపద్నాలుగు గదులు.
ప్రతి గోడకూ భుజం ఆనించి నడుస్తాను
ఎక్కడైనా రాయి దారి ఇచ్చి శూన్యంలోకి రాలిపోతానేమోనని.
రాలిపోతే పండగ. నంబరు వేసి రాస్తాను:
"ఉత్తరపు బురుజు, ఏడో మెట్టు, నేల లేదు."
రక్తపిశాచి ప్రభువు చేతిలో
ఈ వారం రెండువందల సార్లు చచ్చాను.
వాడి కోరలు నా మెడకు నాలుగు వేళ్ళ ఎడంగా
గాలిలో దిగుతున్నాయని
ఫిర్యాదు చేసిందీ నేనే.

కోట కింది ఊరు ఐలీ కట్టింది. పదకొండు ఇళ్ళు.
పిలవందే వాడు గడప దాటలేడు, అది పాత నియమం.
"ఊరికే తలుపులేసుకుని కూచుంటే ఏం బాగుంటుంది,
వాళ్ళూ ఏదో ఒకటి చెయ్యాలి కదా"
అంది కాఫీ ఊదుకుంటూ.

అప్పుడు చెప్పాను.
బొబ్బిలిలో ఒక ఎండాకాలం,
జూట్ మిల్లు రాత్రి షిఫ్టు కూత వేసే వేళకి
ఎవరో తలుపు తడుతున్నారని పుకారు.
తెలిసిన గొంతుతో, పేరు పెట్టి. పలికితే అంతే.
వీధి వీధంతా తలుపుల మీద రాసుకుంది:
రేపు రా.
అది వస్తుంది, చదువుతుంది,
మాట మీద గౌరవంతో వెళ్ళిపోతుంది.
మర్నాడు వస్తుంది. మళ్ళీ చదువుతుంది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. దస్తూరి బాగుంటుందని
మా వరస ఇళ్ళన్నిటికీ నా చేతే రాయించారు.
ఇంటికో బెల్లంముక్క కూలి.

ఐలీ కాఫీ మర్చిపోయింది.
ఎక్కణ్ణుంచో సుద్దముక్క తెచ్చి, నల్ల అట్ట మీద నాతో రాయించి,
ఫొటో తీసి, పదకొండు తలుపులకూ అంటించింది.
నా దీర్ఘం అప్పట్లాగే కిందికి జారింది.
"వాడికి తెలుగెలా వస్తుంది?" అన్నాను.
"నాలుగొందల ఏళ్ళు బతికాడు,
ఖాళీగా కూచున్నాడా ఏంటి" అంది.

కాలాన్ని పరుగెత్తించి చూడటం నా పని.
ఒక్క మధ్యాహ్నంలో మూడువేల రాత్రులు.
మంచు తొక్కుకుంటూ వస్తాడు,
టోపీ తీసి చదువుతాడు, తల వంచి వెళ్తాడు.
వస్తాడు. చదువుతాడు. వెళ్తాడు.
పక్కనే అద్దాల గదిలో
మా కాంట్రాక్టుల సంగతి రేపు తేలుస్తామని
ఎవరో ఎవరితోనో అంటున్నారు,
నవంబరు నుంచీ.

మూడువేల ఇరవయ్యో రాత్రి వాడు వెళ్ళలేదు.
లెక్క ఎక్కడో తెగింది.
చూరు కింద నిలబడి ఆ రెండు మాటల్నే చూస్తున్నాడు.
భుజాల మీద మంచు పేరుకుంటోంది.
(మంచు మాత్రం బాగా కుదిరింది, చేసిన కుర్రాడెవరో గానీ.)
నంబరు వేశాను.
"ఎప్పుడెప్పుడు జరుగుతుంది: ఎప్పుడూ.
తీవ్రత:" దగ్గర ఆగిపోయాను.

అందరూ వెళ్ళాక, ఊరికే,
పదకొండో తలుపు మీద మొదటి మాట చెరిపేశాను.
ఒక్క అక్షరం మిగిలింది.
ఆ ఎండాకాలం ఎవరూ నా చేత రాయించని మాట.
రా.

చదివాడు. చాలాసేపు చదివాడు.
టోపీ తీశాడు. కాలు కదపలేదు.
గడప దాటే నడక
మాలో ఎవరమూ తయారుచెయ్యలేదు.